ఏడాదిలో మూడు చెస్ ఓపెనింగులు మార్చాను, ఇకనైనా దేనిని పట్టుకుని ఉండాలి?

హంద్రీ_బంటు (కర్నూలు):

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఒక కార్యాలయంలో గుమాస్తాగా పని చేస్తున్నాను, వయసు 31. చదరంగంలో పావుల నడక చిన్నప్పుడే మా నాయన నేర్పించినా, గడియారం పెట్టుకుని, ఎత్తులు కాగితం మీద రాసుకుంటూ ఆడడం మొదలుపెట్టి మూడేళ్లే అయింది. ఇప్పుడు నా ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) రేటింగు 1432. ఆన్‌లైన్‌లో పది నిమిషాల ఆటల్లో ఎనిమిది నెలలుగా 1250 దగ్గరే ఉన్నాను. ఇంటి పనులు చూసుకుని పాపను పడుకోబెట్టాక, రాత్రి తొమ్మిదిన్నర నుంచి ముప్పావు గంట నాకు దొరుకుతుంది. ఆ ముప్పావు గంటను ఏ ఓపెనింగు (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరుస) మీద పెడితే ఆట ముందుకు సాగుతుందన్నది నా ప్రశ్న.

ఈ ఏడాది నలుపుతో మూడు ఓపెనింగులు మార్చాను. మొదట, తెలుపు బంటును ఇ4కు జరిపితే సి5తో జవాబు చెప్పే సిసిలియన్‌లో నాయ్‌డార్ఫ్ అనే దారి మొదలుపెట్టాను (గడి పేరులో అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డ వరుసను చెబుతుంది). పెద్ద ఆటగాళ్ల వీడియోలు చూసి పన్నెండో ఎత్తు దాకా బట్టీ పట్టాను గాని, ఎదుటివారిలో ఆ దారిలోకి వచ్చినవారే అరుదు. రెండో ఎత్తుకే కొందరు శకటును సి4కు తెచ్చేవారు, కొందరు బంటును సి3కు జరిపేవారు, నేను నేర్చుకున్నదంతా అక్కడితో ఆగిపోయేది. తర్వాత కింగ్స్ ఇండియన్ పద్ధతిలో శకటును జి7లో పెట్టి, ఎవరేమి ఆడినా అవే ఎత్తులు వేయడం అలవాటు చేసుకున్నాను. నడి బోర్డంతా తెల్ల బంట్లు ఆక్రమించుకుని, నా పావులు వెనుక రెండు వరుసల్లో ఊపిరాడక నిలబడిపోయేవి. అది కూడా వదిలేసి, ఇ4కు ఇ5తోనే జవాబు చెబుదామని నిశ్చయించుకుని పోయిన నెల విజయవాడలో ఒక రేటింగు టోర్నమెంటుకు వెళ్లాను.

అక్కడ మూడో రౌండులో నా ఎదుట కూర్చున్న బాబుకు పదకొండేళ్లు ఉంటాయేమో. కుర్చీలో మోకాళ్ల మీద కూర్చుంటే గాని అవతలి వరుస అందేది కాదు. ఇ4, ఇ5, గుర్రం ఎఫ్3, గుర్రం సి6, శకటు సి4, గుర్రం ఎఫ్6. నాలుగో ఎత్తుకు ఆ బాబు గుర్రాన్ని జి5కు దూకించాడు. నేను డి5 ఆడాను, బంటు బంటును కొట్టింది, నేను గుర్రంతో తిరిగి కొట్టాను. అతను ఏమాత్రం ఆలోచించకుండా గుర్రంతో ఎఫ్7 బంటును కొట్టి గడియారం నొక్కాడు. మంత్రి, ఏనుగు రెండూ దాని దెబ్బలో ఉన్నాయి కనుక రాజుతో కొట్టక తప్పలేదు. మంత్రి ఎఫ్3కు వచ్చి చెక్ చెప్పేసరికి, డి5 గుర్రాన్ని కాపాడుకోవడానికి నా రాజు ఇ6 దాకా నడి బోర్డులోకి రావలసి వచ్చింది. పద్దెనిమిదో ఎత్తుకు ఆట కట్టింది. తిరుగు ప్రయాణంలో బస్సులో రాత్రంతా ఆ ఆటే కళ్ల ముందు తిరిగింది.

తెలుపుతో ఒకటి, ఇ4కు జవాబుగా ఒకటి, డి4కు జవాబుగా ఒకటి, ఇలా మూడే మూడు ఓపెనింగులు ఎంచుకుని రెండేళ్లపాటు వదలకుండా ఆడాలని ఉంది. అనుభవజ్ఞులు ఏవి ఎంచుకోమంటారు? ఎందుకు ఎంచుకోమంటున్నారో కూడా చెబితే మరింత మేలు చేసినవారవుతారు.


అనంత_శకటు (అనంతపురం):

అనంతపురంలో పన్నెండేళ్లుగా ఆదివారాలు పిల్లలకు చెస్ నేర్పుతున్నాను. మీరు రాసిన ఆటలో తప్పు ఎక్కడ జరిగిందో ముందుగా చూద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు ఆ ఆటలోనే ఉంది.

బోర్డు తెచ్చుకుని మూడో ఎత్తు దాకా పావులు పేర్చండి. మీ మంత్రి డి8లో ఉంది. ఇ7 బంటు ముందుకు వెళ్లిపోయింది కనుక ఆ గడి ఖాళీ. ఎఫ్6 కూడా ఖాళీగా ఉంటే, మీ మంత్రి చూపు ఐమూలగా జి5 దాకా వెళ్తుంది. అప్పుడు తెల్ల గుర్రం జి5లో అడుగు పెడితే మంత్రి దాన్ని ఊరికే కొట్టేస్తుంది. మీరు గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చి ఆ చూపుకు మీరే అడ్డం పెట్టారు, అందుకే ఆ బాబు గుర్రం నిర్భయంగా వచ్చింది. మూడో ఎత్తులో గుర్రానికి బదులు శకటును సి5కు తెచ్చి ఉంటే ఆ దాడికి చోటే లేదు. ఇది ఒక్క ఎత్తు తేడా. కారణం తెలిస్తే దీన్ని జన్మలో మరిచిపోరు, కారణం తెలియకుండా బట్టీ పడితే మూడో నెలకు మరిచిపోతారు.

గుర్రాన్ని ఎఫ్6కే తేవాలని ఉంటే అదీ మంచి ఓపెనింగే, అయితే అయిదో ఎత్తులో డి5 బంటును గుర్రంతో కొట్టకూడదు. సి6లోని గుర్రాన్ని ఎ5కు పంపి సి4 శకటును అడగాలి, అంటే దాన్ని బెదిరించాలి. తెలుపు బి5లో చెక్ చెబుతుంది, మీరు సి6 బంటును అడ్డం పెడతారు, బంట్లు మారతాయి. మీకు ఒక బంటు తక్కువవుతుంది. దానికి బదులు తెల్ల శకటు, తెల్ల గుర్రం రెండూ వెనక్కి పరుగెత్తుతుంటే మీ పావులు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఒక బంటు పోయినా దాడి చేతిలో ఉంటే చాలనుకునే స్వభావం మీదైతే ఇది ఆడండి. బంటు పోతే నిద్ర పట్టనివారు శకటు సి5 ఆడడం మంచిది.

ఇక నా సలహా. తెలుపుతో ఇ4 ఆడి, ఎదుటివారు ఇ5 ఆడితే ఇటాలియన్ (గుర్రం ఎఫ్3, శకటు సి4) ఆడండి. అందులోనూ నెమ్మదైన పద్ధతిని పట్టుకోండి. సి3, డి3 బంట్లు జరిపి, కోట కట్టి (ఒకే ఎత్తులో రాజును ఏనుగు చాటుకు చేర్చి), తొందరపడకుండా డి4కు సమయం కోసం చూడడం ఆ పద్ధతి. ఇటాలియన్ భాషలో దానికి ఉన్న పేరు జియోకో పియానిస్సిమో, అంటే చాలా నెమ్మది ఆట అని అర్థం. ఇది ఎందుకు ఎంచుకోమంటున్నానంటే, ఇందులో ప్రతి ఎత్తుకూ కారణాన్ని మాటల్లో చెప్పుకోవచ్చు. ఉదాహరణకు బి1లోని గుర్రాన్ని తీసుకోండి. అది డి2కు, అక్కడి నుంచి ఎఫ్1కు, అక్కడి నుంచి జి3కు మూడు ఎత్తుల్లో నడుస్తుంది. ఎఫ్1 గడి ఖాళీ కావాలంటే ముందు కోట కట్టి, ఏనుగును ఇ1కు జరపాలి. కాబట్టి కోట, ఏనుగు, గుర్రం అనే వరుసను గుర్తు పెట్టుకోనవసరం లేదు, గుర్రం ఎక్కడికి పోవాలో తెలిస్తే వరుస దానంతట అదే వస్తుంది. జి3కు చేరిన గుర్రం ఎఫ్5 మీద కన్నేసి రాజుపై దాడికి సిద్ధంగా ఉంటుంది. ఈ ప్రయాణాన్ని నేను పిల్లల చేత బోర్డు మీద పావులేమీ లేకుండా ఒక్క గుర్రంతోనే వేయిస్తాను.

నలుపుతో ఇ4కు ఇ5, డి4కు డి5 ఆడండి. డి4 తర్వాత తెలుపు సి4 ఆడితే ఇ6తో దన్ను పెట్టి, గుర్రం ఎఫ్6, శకటు ఇ7, కోట అనే పాత దారిలో నడవండి. సి8లోని శకటు కొంతకాలం సొంత బంటు వెనుక ఇరుక్కుంటుంది, దాన్ని ఎప్పుడు, ఎలా బయటికి తేవాలన్న ప్రశ్నే మీకు నడి ఆట నేర్పుతుంది. ఈ మూడూ నాలుగు వందల ఏళ్లకు పైగా ఆడుతున్న ఓపెనింగులు. మీరు ఎంత ఎదిగినా ఇవి చాలవనే రోజు రాదు.

అయితే ఇదంతా మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. ఇప్పటివరకు బోర్డు మీద ఆడి ఓడిన ఆటల స్కోర్ షీట్లన్నీ ముందేసుకుని, ప్రతి ఆటలోనూ ఆట చెయ్యిజారిన ఎత్తు దగ్గర ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. కంప్యూటర్‌ను అడగకుండా ముందు మీరే చుట్టండి. ఆ సున్నాలు ఎన్నో ఎత్తు దగ్గర పడ్డాయో ఇక్కడ రాయండి.


పెన్నా_గుర్రం (కడప):

అనంతపురం సార్ చెప్పినది పిల్లలకు నూటికి నూరుపాళ్లు సరైనది. రోజుకు ముప్పావు గంట మాత్రమే ఉన్న ఉద్యోగస్థుడికి ఇ4 విషయంలో నాకు అభ్యంతరం ఉంది. నేను కూడా ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాణ్నే కనుక ధైర్యంగా చెబుతున్నాను. ఇ4 ఆడగానే ఎదుటివాడు ఇ5 ఆడాలన్న నియమం లేదు. సి5తో సిసిలియన్ ఆడతాడు, ఇ6తో ఫ్రెంచ్ ఆడతాడు, సి6తో కారో-కాన్ ఆడతాడు, ఒకడు రెండో ఆలోచన లేకుండా డి5 అంటాడు. ఇటాలియన్ ఒక్కటీ నేర్చుకుందామని కూర్చున్నవాడు మరో నాలుగింటికి జవాబు వెతుక్కోవాలి. మా కడపలో నాతో ఆడే ఆరేడుగురిలో ఇ5 ఆడేది ఒక్కరే.

అందుకని నేను నాలుగేళ్లుగా డి4తో లండన్ సిస్టమ్ ఆడుతున్నాను. డి4, శకటు ఎఫ్4, ఇ3, సి3, రెండు గుర్రాలు, శకటు డి3, కోట. ఎదుటివాడు ఏది ఆడినా మన పావుల ఇల్లు దాదాపు ఒకేలా ఉంటుంది. మిగిలిన సమయాన్ని పజిల్స్ మీద పెట్టుకోవచ్చు.

దీంట్లోనూ ప్రమాదం ఉంది, అది నాకు జరిగినదే కనుక దాచకుండా చెబుతాను. రెండేళ్లు ఎదుటి బోర్డు చూడకుండానే మొదటి ఎనిమిది ఎత్తులు వేసే అలవాటు పడిపోయింది. తిరుపతిలో ఒక టోర్నమెంటులో ఎదుటివాడు రెండో ఎత్తుకే సి5 అని, నాలుగో ఎత్తుకు మంత్రిని బి6కు తెచ్చాడు. నేను దాన్ని చూడనే లేదు, నా వరుస ప్రకారం గుర్రాన్ని బయటికి తీశాను. బి2 బంటుకు కాపుగా ఉండాల్సిన శకటు సి1 వదిలి ఎఫ్4కు పోయిందన్న సంగతి, వాడు ఆ బంటును మంత్రితో తీసుకున్నప్పుడు గాని నాకు తట్టలేదు. బంటుతో మొదలై ఆటంతా పోయింది.

ఆ తర్వాత నేర్చుకున్నది ఇది. మంత్రి బి6కు రాగానే మన మంత్రిని బి3కు తేవాలి. వాడు సి4 బంటుతో దాన్ని తరిమితే, చాలామంది అమాయకంగా సి2కు వెనక్కి పోతారు. అప్పుడు నల్ల శకటు ఎఫ్5కు వచ్చి మంత్రిని అడుగుతుంది. ఊరికే వచ్చింది కదా అని మంత్రితో ఆ శకటును కొట్టారో, నల్ల మంత్రి బి2లో దూరుతుంది, మూలలో ఉన్న ఎ1 ఏనుగుకు పారిపోయే దారి ఉండదు. అక్కడ మంత్రిని సి1కు తీసుకుపోయి ఓర్చుకోవాలి. అది ఇష్టం లేకపోతే ముందే బి6లో మంత్రులు మార్చుకోవాలి. వాడికి బి వరుసలో జోడు బంట్లు పడతాయి, బదులుగా ఎ వరుస వాడి ఏనుగుకు తెరుచుకుంటుంది. లండన్‌లో బట్టీ పట్టవలసినది ఏమైనా ఉందంటే ఈ నాలుగు ఎత్తులే. మిగిలినదంతా కళ్లు తెరుచుకుని ఆడడమే.

నలుపుతో ఇ4కు నా సలహా కారో-కాన్. హొరేషియో కారో, మార్కస్ కాన్ అనే ఇద్దరు 1886లో విశ్లేషించి ప్రచురించిన ఓపెనింగు ఇది. సి6 ఆడి, తర్వాత డి5 ఆడతాం. తెలుపు బంటును ఇ5కు తోస్తే, మన శకటు ముందు ఎఫ్5కు బయటపడి, ఆ తర్వాతే ఇ6 ఆడతాం. ఫ్రెంచ్‌లో ఇ6 ముందే ఆడతారు కనుక అదే శకటు లోపల బందీ అవుతుంది. ఒక్క శకటు తలుపు లోపల ఉందా బయట ఉందా అన్నదే ఆ రెండు ఓపెనింగుల మధ్య అసలు తేడా. హంద్రీ గారు భయపడుతున్న జి5 గుర్రం దాడి దీనిలో తలెత్తదు, ఎందుకంటే ఆ సి4 శకటును డి5 బంటు మొదటి రోజు నుంచే నిలదీస్తుంది.


నాలుగో_గడి (ప్రొద్దుటూరు):

ఇద్దరు పెద్దలు చెప్పినవీ మంచివే. నేను కాలేజీ రోజుల్లో విశ్వవిద్యాలయం జట్టుకు ఆడాను, పెళ్లయ్యాక పదేళ్లు ఆపి, ఇప్పుడు మా అబ్బాయితో పాటు మళ్లీ ఆడుతున్నాను. నాకు తోచినది చెబుతాను.

మా తాతగారు ఆడే నాటు చదరంగంలో బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే నడిచేది. ఆయన ఆటలో పావులు ఒకదానికొకటి తగలడానికే చాలాసేపు పట్టేది. నాకు ఆయన నేర్పిన మాట ఒకటుంది. గుర్రం, ఏనుగు వెనక్కి రాగలవు గాని బంటు రాలేదు, అందుకని బంటు మీద చెయ్యి వేసే ముందు రెండుసార్లు చూడమనేవారు. ఓపెనింగు ఎంచుకోవడంలో నేను ఇప్పటికీ ఇదే చూస్తాను. పది ఎత్తులయ్యాక బోర్డు మీద నుంచి పావులన్నీ తీసేసి, బంట్లు మాత్రమే ఉంచి చూడండి. ఆ బంట్ల ఆకారం చూసి, ఎటువైపు నడవాలో, ఏ వరుస తెరవాలో మీరు చెప్పగలిగితే ఆ ఓపెనింగు మీది. చెప్పలేకపోతే అది ఎంత గొప్ప ఆటగాడు ఆడినదైనా ప్రస్తుతానికి మీది కాదు. మీకు కింగ్స్ ఇండియన్‌లో ఊపిరాడకపోవడానికి కారణం ఇదే. అందులో నలుపు కావాలనే తెల్ల బంట్లకు నడి బోర్డు అప్పగించి, తర్వాత ఇ5తోనో సి5తోనో దాన్ని పగలగొడుతుంది. పగలగొట్టే ఎత్తు వేయకుండా ఇల్లు మాత్రమే కట్టుకుని కూర్చుంటే ఎవరికైనా ఊపిరాడదు.

రెండో విషయం. 2024 నవంబరు, డిసెంబరు నెలల్లో సింగపూరులో మన గుకేశ్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్ ఆడిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆటలను మా అబ్బాయితో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూశాను. ఈ చర్చలో వచ్చిన ఓపెనింగులలో మూడు అక్కడ కూడా వచ్చాయి. మొదటి ఆటలో గుకేశ్ ఇ4 ఆడితే డింగ్ ఫ్రెంచ్ ఆడి గెలిచాడు. రెండో ఆటలో డింగ్ మన అనంతపురం సార్ చెప్పిన నెమ్మది ఇటాలియనే ఆడాడు, ఆరో ఆటలో కడప అన్న చెప్పిన లండన్ ఆడాడు. ఆ రెండూ డ్రాగా ముగిశాయి. పదమూడు ఆటలయ్యేసరికి ఇద్దరూ ఆరున్నర పాయింట్లతో సమానంగా ఉన్నారు. డిసెంబరు 12న జరిగిన పద్నాలుగో ఆటలో, డింగ్ 55వ ఎత్తుకు ఏనుగును ఎఫ్2కు తెచ్చి ఏనుగుల మార్పిడికి పెట్టాడు. ఏనుగులు మారిన వెంటనే గుకేశ్ శకటును డి5కు తెచ్చి శకట్లను కూడా మార్చేశాడు. మిగిలినవి రాజులు, బంట్లు. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. తెల్ల రాజు ఇ3లో, నల్ల రాజు ఇ5లో ఎదురెదురుగా నిలిచారు, ఎత్తు వేయవలసింది తెలుపు. ఇలా రాజులు ఒక గడి ఎడంతో ఎదురుపడినప్పుడు ఎత్తు ఎవరిదైతే వారే దారి ఇవ్వాలి. 58 ఎత్తులకు డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు.

పద్నాలుగు ఆటల పోరు చివరికి రాజు, బంట్ల ఆటతో తేలింది. మీ ముప్పావు గంటలో పదిహేను నిమిషాలకు మించి ఓపెనింగుకు ఇవ్వవద్దని ప్రార్థన. రాజు, ఒక బంటు ఉన్న ఆటలో గెలుపెప్పుడో డ్రా ఎప్పుడో, ఏనుగులు మిగిలిన ఆటలో ఏనుగును బంటు వెనుక ఎందుకు పెట్టాలో, ఇవి వారానికి రెండు రాత్రులు చూడండి. ఓపెనింగు వాళ్లు చెప్పిన వాటిలో ఏది పట్టుకున్నా ఫరవాలేదు. పట్టుకున్నాక ఒక టోర్నమెంటు ఓడిపోయినందుకు మాత్రం మార్చకండి, మార్చిన ప్రతిసారీ ఆ బంట్ల ఆకారంతో మీకున్న పరిచయం మళ్లీ మొదటికి వస్తుంది.


హంద్రీ_బంటు (కర్నూలు):

సార్, అన్నా, అక్కా, ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. సార్ చెప్పినట్టే రెండు రాత్రులు కూర్చుని స్కోర్ షీట్లన్నీ తీశాను. బోర్డు మీద ఆడి ఓడినవి పదిహేను దొరికాయి. కొన్నింటిలో నా రాత నాకే అర్థం కాక ఎత్తులు వెతుక్కోవలసి వచ్చింది.

పదిహేనవ ఎత్తు లోపల సున్నా పడినవి మూడే, అందులో ఒకటి ఆ బాబుతో ఆడినది. ఏడు ఆటల్లో ఇరవై నుంచి ముప్పై ఎత్తుల మధ్య పావును ఊరికే వదిలేశాను. ఆ ఏడింటిలో అయిదింట, సున్నా చుట్టిన ఎత్తుకు ముందు ఎదుటివారు ఏమి బెదిరిస్తున్నారని నన్ను నేను అడగనే లేదని ఇప్పుడు చూస్తే తెలుస్తోంది. మిగిలిన అయిదు ఎండ్ గేమ్‌లో, అంటే కొద్ది పావులే మిగిలిన చివరి దశలో పోయాయి. వాటిలో రెండు ఆటలు బంటు ఎక్కువ ఉండి కూడా పోగొట్టుకున్నవి. ఏడాదంతా ఓపెనింగు వల్ల ఓడిపోతున్నానని నమ్మాను, కాగితాలు మరోలా చెబుతున్నాయి. ఆ ఎర్ర సున్నాలు చూస్తూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అక్క చెప్పినట్టు బంట్లు మాత్రమే ఉంచి కూడా చూశాను. ఇటాలియన్‌లో సి3, డి4, ఇ4 బంట్లు నిలబడినప్పుడు నాకు ఏమి చేయాలో తోస్తోంది. లండన్‌లో సి3, డి4, ఇ3 చూసినప్పుడు అంత స్పష్టంగా తోచలేదు. అన్న ఏమీ అనుకోకూడదు. తెలుపుతో ఇ4, ఇటాలియన్, నలుపుతో ఇ4కు ఇ5, మూడో ఎత్తుకు శకటు సి5, డి4కు డి5. ఇవే ఖాయం చేసుకుంటున్నాను. ఒక్క సందేహం మిగిలింది. అన్న అడిగిన ప్రశ్నే అది. ఎదుటివారు ఇ5 ఆడకుండా సిసిలియన్, ఫ్రెంచ్, కారో-కాన్ ఆడితే నేను మరో మూడు ఓపెనింగులు నేర్చుకోవాలా?


అనంత_శకటు (అనంతపురం):

పదిహేను షీట్లు తీసి నిజాయితీగా లెక్క చెప్పినందుకు చాలా సంతోషం. ఈ పని చేసేవారు నా దగ్గరికి వచ్చే పిల్లల తల్లిదండ్రుల్లోనూ తక్కువ.

కడప సోదరుడి అభ్యంతరం న్యాయమైనదే, నేను మొదటి జవాబులో దాన్ని దాటవేశాను. అయితే మూడు వేర్వేరు ఓపెనింగులు నేర్చుకోనవసరం లేదు. ప్రొద్దుటూరు అమ్మాయి చెప్పిన బంట్ల ఆకారాన్నే పట్టుకుని పోతే మూడింటికీ ఒకే జవాబు దొరుకుతుంది. ఫ్రెంచ్ వస్తే రెండో ఎత్తుకు డి4, మూడో ఎత్తుకు ఇ5. కారో-కాన్ వచ్చినా అంతే, డి4, తర్వాత ఇ5. సిసిలియన్ వస్తే రెండో ఎత్తుకు సి3 ఆడండి, దాన్ని అలాపిన్ అంటారు. నల్ల గుర్రం ఎఫ్6కు వచ్చి మీ ఇ4 బంటును అడిగితే ఇ5తో దాన్ని తరమండి, తర్వాత డి4. నలుపు వేరే దారిలో డి5 ఆడితే బంటుతో కొట్టండి. మంత్రి తిరిగి కొట్టాక డి4 ఆడండి. ఆ గొలుసు రాకపోయినా నడి బోర్డులో మీ బంటు నిలబడుతుంది.

ఇప్పుడు బోర్డు మీద బంట్లు చూడండి. ఇ5లో ఒకటి, దానికి దన్నుగా డి4లో ఒకటి, దానికి దన్నుగా సి3లో ఒకటి. మూడు ఓపెనింగులలోనూ చాలావరకు ఇదే గొలుసు. నలుపు ఎప్పుడూ ఆ గొలుసు మొదలును, అంటే డి4ను, సి5 బంటుతోనో సి6 గుర్రంతోనో బి6 మంత్రితోనో కొడుతుంది. మీ పని ఆ డి4ను ఎంతమంది కొడుతున్నారో, ఎంతమంది కాస్తున్నారో ప్రతి ఎత్తుకూ లెక్కపెట్టుకోవడం. ఫ్రెంచ్‌లో తొందరపడి శకటును డి3లో పెడితే డి1 మంత్రికి, డి4 బంటుకు మధ్య అది అడ్డం నిలుస్తుంది, ఒక కాపు తగ్గిపోతుంది. చాలామంది పిల్లలు డి4 బంటును పోగొట్టుకునేది అక్కడే. ముందు లెక్క సరిచూసుకుని, ఆ తర్వాతే ఆ శకటును కదపండి.

మొదటి ఎత్తుకే డి5 అనేవారితో బంటు బంటును కొట్టి, మంత్రి తిరిగి కొట్టగానే గుర్రాన్ని సి3కు తెచ్చి దాన్ని తరమండి. మీకు ఒక పావు బయటికి వచ్చినట్టూ అవుతుంది, వారి మంత్రి రెండోసారి కదలవలసి వస్తుంది. దీనికి అంతకు మించి చదువు అక్కరలేదు.

ఇరవై, ముప్పై ఎత్తుల మధ్య పడిన ఆ ఏడు సున్నాల సంగతి మాత్రం ఓపెనింగుతో తీరదు. ఎదుటివారు ఎత్తు వేయగానే చేతులు ఒళ్లో పెట్టుకుని, ఈ ఎత్తుతో ఇప్పుడు ఏ గడి మీద కన్నేశారని ఒక్కసారి లోలోపల అనుకున్నాకే పావును తాకండి. మా పిల్లల చేత నేను ఆ మాట పైకే అనిపిస్తాను. గుత్తి మీదుగా మూడు గంటల బస్సు ప్రయాణమే కనుక, వీలున్న ఆదివారం పొద్దున ఆ పదిహేను షీట్లు తీసుకుని రండి. బంటు ఎక్కువ ఉండి ఓడిన ఆ రెండు ఆటలు ముందుగా చూద్దాం.